ఓడ మల్లమ్మలు

ఆ కుంపట్లో ఇంకో నాలుగు బొగ్గులు వేసి ఇటు జరగండర్రా. ఈపాటి చలికి కుంపటి అక్కర్లేదని నాకూ తెలుసు. కానీ ఎదురుగా కాస్త నిప్పు లేకపోతే నాకు పాత సంగతులు నోటికి రావు. అమ్మలూ, పొద్దున నువ్వూ మీ అమ్మా వాదించుకున్నదంతా విన్నాన్లే. నా చెవులు మందగించాయని మీ ఇద్దరికీ ఓ ధీమా. "ఆడపిల్లకి సైన్యమేమిటి, అందులో రిజర్వేమిటి, దేశం కాని దేశంలో శాంతిసేన ఏమిటి, ఇదెక్కడి కొత్త వింత" అని మీ అమ్మ. "ఇప్పుడు అందరూ వెళ్తున్నారమ్మా" అని నువ్వు. ఇద్దరి మాటా తప్పే. మీ అమ్మకి కొత్తగా కనిపిస్తున్నది మీ ముత్తాతల నాటి సంగతి. నువ్వు అందరూ అంటున్నవాళ్ళు బహు కొద్దిమంది. చిన్నోడా, నువ్వూ ఆ ఫోను బోర్లించి కూర్చో. ఇది తొందరగా తెమిలే కబురు కాదు. మధ్యలో దారి తప్పుతాను కూడా. మళ్ళీ నేనే వస్తాను, మీరేం లాగక్కర్లేదు.

ముందు మన కాకినాడ. ఏ కథైనా కాకినాడలోనే మొదలవ్వాలని మా నాన్నగారి శాసనం. 1923 డిసెంబరులో అక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగింది. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. మా తాతయ్య చూడ్డానికని వెళ్ళి, తిండీ నిద్రా మర్చిపోయి తిరిగి, చివరికి కొత్త చెప్పులు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. స్వరాజ్యం వచ్చింది గానీ ఆ చెప్పులు రాలేదని మా బామ్మ బతికున్నన్నాళ్ళూ దెప్పుతూనే ఉంది. సరే, చెప్పుల మాట అలా ఉంచండి. ఆ సభల్లో ఖద్దరు ప్రదర్శన ఒకటి పెట్టారు. గేటు దగ్గర ఓ పద్నాలుగేళ్ళ పిల్లని వాలంటీరుగా నిలబెట్టి, టికెట్ లేనివాళ్ళని లోపలికి పంపొద్దని చెప్పారు. చెప్పినట్టే ఆ పిల్ల ఒకాయన్ని ఆపేసింది. ఆయన జవహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు పరుగున వచ్చి నానా హైరానా పడ్డారు. చివరికి టికెట్ కొన్నాకే ఆయన లోపలికి అడుగు పెట్టాడు. ఆ పిల్లే తర్వాతి రోజుల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్. మా తాతయ్య ఈ కథ చెప్పిన ప్రతిసారీ చివర ఒక ముక్క తగిలించేవాడు: "అదే నేనైతే దణ్ణం పెట్టి తలుపు తెరిచేవాణ్ణి, టికెట్ డబ్బులు కూడా నేనే ఇచ్చేవాణ్ణి."

వాలంటీరు సైనికుడెలా అవుతాడు అంటావా చిన్నోడా? అవడు. నోరు మూసుకుని విను.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి విశాఖపట్నం మీదా, మన కాకినాడ మీదా బాంబులు వేసి పోయాయి. అప్పటికి మా అమ్మకి పదహారేళ్ళు. ఊరికి ఊరే పెట్టే బేడా సర్దుకుని పల్లెలకి పరుగెత్తింది. ముందు రోజు వరకూ బేరం కోసం ఎదురుచూసిన ఎడ్లబండ్లవాళ్ళు ఆ మర్నాడు మొహం చూసి బాడుగ చెప్పారట. మా పక్కింటాయన వెండి కంచాలూ చెంబులూ పెరట్లో పాతిపెట్టి వెళ్ళాడు. దొంగలకి దొరకకూడదని గుర్తేమీ పెట్టలేదు. ఆరు నెలలకి తిరిగొచ్చాక ఆయనకీ దొరకలేదు. ఆ పెరట్లో ఇప్పటికీ ఎవరు కొబ్బరిమొక్క నాటినా అవసరానికి మించి లోతుగా తవ్వుతారు.

ఇక అసలు సంగతి. మగవాళ్ళంతా బర్మా వైపు, ఆఫ్రికా వైపు పోతూంటే ఆఫీసుల్లో, టెలిఫోన్ల దగ్గర, స్టోర్లలో మనుషులు కరువయ్యారు. అప్పుడు బ్రిటిష్ సర్కారుకి ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఆ 1942లోనే విమెన్స్ ఆగ్జిలరీ కోర్ అని ఒక దళం పెట్టారు. యుద్ధం ముగిసేలోగా పదివేలకు పైగా ఆడవాళ్ళు అందులో చేరారు. ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవుల ఇళ్ళ పిల్లలు ఎక్కువ. టైపు కొట్టడం, టెలిఫోను కలపడం, రహస్య సందేశాలు విప్పడం, సామాన్ల లెక్క రాయడం వాళ్ళ పని. నౌకాదళానికి వేరే శాఖ ఉండేది. అందులో ఆఫీసరుగా చేసిన కల్యాణీ సేన్ 1945లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి నౌకాదళం ఆడవాళ్ళ పని చూసొచ్చింది. అప్పటి ఫొటోలో చీర కట్టుకునే ఉంటుంది.

మా అమ్మ వాళ్ళ వీధిలో మిషన్ బడి పంతులుగారి రెండో అమ్మాయి మద్రాసు వెళ్ళి అందులో చేరింది. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఖాకీ చీర, కాళ్ళకి బూట్లు. వీధిలో ఆడవాళ్ళు ఆవిడ మొహం చూసింది తక్కువ, బూట్లు చూసింది ఎక్కువట. "తిరిగి ఆడది చెడ్డది, తిరగక మగవాడు చెడ్డాడు" అని అరుగుల మీద కూర్చున్న పెద్దలు సామెత విసిరారు. ఆ పెద్దలు గుమ్మం దిగి ఏ పనికీ తిరిగినవాళ్ళు కారు, కాబట్టి సామెతలో రెండో సగం వాళ్ళకి చక్కగా అతికింది. విశేషమేమిటంటే, చీకటి పడ్డాక అదే పెద్దలు ఒక్కొక్కరే పంతులుగారింటికి వెళ్ళేవాళ్ళట. కిరసనాయిలు దొరకని రోజులు, బట్టకి కంట్రోలు. "అమ్మాయి మిలిటరీలో ఉంది కదా, ఎక్కడైనా ఒక మాట చెప్పిస్తే..." అని నీళ్ళు నమిలేవాళ్ళు.

అటుపక్క సింగపూరులో నేతాజీ 1943లో ఝాన్సీరాణి రెజిమెంటు కట్టాడు. మద్రాసులో పుట్టి పెరిగిన డాక్టరు లక్ష్మీ స్వామినాథన్ దానికి కెప్టెన్. చేరినవాళ్ళలో మలయా రబ్బరు తోటల్లో పని చేసుకునే కూలీల పిల్లలే ఎక్కువ. ఇక్కడి ఆడవాళ్ళకి టైపు మిషను ఇస్తే, అక్కడివాళ్ళకి తుపాకీ ఇచ్చారు. ఎవరి వైపు న్యాయం ఉందన్నది వేరే రాత్రి మాట్లాడుకుందాం, దానికి ఈ బొగ్గులు చాలవు.

యుద్ధం అయిపోయింది. 1947లో ఆ ఆగ్జిలరీ కోర్‌ని ఎత్తేశారు. పంతులుగారమ్మాయి ఇంటికొచ్చి ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేరింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఇక్కడ మల్లయ్య కాదు, మల్లమ్మ. అంతటితో ఊరుకోలేదు. స్వతంత్రం వచ్చాక 1950లో సైనిక చట్టం రాసుకున్నాం కదా, అందులో పన్నెండో సెక్షన్ ఏమంటుందంటే, ప్రభుత్వం ప్రత్యేకంగా పేరు చెప్పి అనుమతించిన విభాగాల్లో తప్ప ఆడవాళ్ళు సైన్యంలో చేరడానికి వీల్లేదని. నర్సులూ డాక్టర్లూ ఉండొచ్చు. మిగిలినవాళ్ళకి తలుపు మూసేశారు. పదివేల మంది అయిదేళ్ళు చేసి చూపించిన పని, మూడేళ్ళు తిరక్కుండా ఆడవాళ్ళకి చేతకాని పనైపోయింది.

అసలు రిజర్వు అంటే ఏమిటో చెప్పనా? ఇంట్లో రోజూ పొయ్యెక్కే గిన్నెలుంటాయి, పెళ్ళికో పేరంటానికో అటక మీంచి దింపే గుండిగలుంటాయి. గుండిగ లేకుండా పెళ్ళి జరగదు, పెళ్ళయ్యాక గుండిగ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. మన దేశంలో అలాంటి సైన్యం టెరిటోరియల్ ఆర్మీ. 1949 అక్టోబరు 9న రాజాజీ చేతుల మీదుగా మొదలైంది. మామూలు రోజుల్లో ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుంటారు. ఏటా కొంతకాలం యూనిఫాం వేసుకుని శిక్షణ తీసుకుంటారు. దేశం పిలిస్తే వెళ్తారు. రైల్వేవాళ్ళకీ, చమురు కంపెనీలవాళ్ళకీ అందులో వేరే దళాలున్నాయి. దాని సంగతికి మళ్ళీ వస్తాను. ముందు నా సంగతి చెప్పనివ్వండి, ముసలిదాన్ని, ఆ మాత్రం ఆశ ఉండదా.

1962లో చైనా యుద్ధం. మంచులో మన జవాన్లకి వెచ్చని బట్టల్లేవని తెలిసి దేశంలో ఆడవాళ్ళంతా స్వెట్టర్లు అల్లడానికి కూర్చున్నారు. మా కాకినాడ ఆడవాళ్ళు అంతకు ముందు ఉన్ని ముట్టుకుని ఎరగరు. ఉక్కపోతలో మెడ మీంచి చెమట కారుతూంటే, ఎవరో ఢిల్లీ కోడలు నేర్పితే, ఒళ్ళో ఉన్ని వేసుకుని అల్లేవాళ్ళు. మా అత్తయ్య అల్లిన స్వెట్టరుకి ఒక చెయ్యి మోచేతి దాకా, ఇంకో చెయ్యి మోకాలి దాకా వచ్చింది. "ఏ జవానుకో సరిపోకపోదు, భగవంతుడు రకరకాల మనుషుల్ని పుట్టిస్తాడు" అని పార్సెల్ కట్టించింది. రక్షణ నిధికి గాజులు ఇచ్చినవాళ్ళున్నారు, మంగళసూత్రం గొలుసులు ఇచ్చినవాళ్ళున్నారు. మా అమ్మ రెండు గాజులిచ్చి, రసీదు దేవుడి పటం వెనక పెట్టుకుంది. ఆ వెంటనే 1963 జనవరిలో పద్నాలుగు క్యారెట్లకి మించిన నగ చేయించకూడదని సర్కారు రూలు పెట్టింది. బంగారం ఇచ్చినవాళ్ళకి పుణ్యం దక్కింది, దాచుకున్నవాళ్ళకి కంసాలి దొరకలేదు.

అదే ఏడు నేను కాలేజీలో చేరాను. కార్డు ముక్క అయిదు పైసలు. హోటల్లో కాఫీ పదిహేను పైసలు, అయినా ఆడపిల్లలం హోటలుకి వెళ్తామా ఏమిటి! కాలేజీలో ఎన్‌సీసీ. అమ్మాయిల ఎన్‌సీసీ 1949లోనే పెట్టారు గానీ, చైనా యుద్ధం తర్వాతే దానికి ఊపు వచ్చింది. మాలో సగం మంది దేశభక్తితో చేరారని చెప్పను. పరేడ్ అయ్యాక రెండు పూరీలూ ఒక అరటిపండూ పెట్టేవాళ్ళు. ఆ పూరీల మీద భక్తి కూడా తక్కువదేం కాదు. హవల్దారు పంజాబువాడు. మాకు హిందీ అంటే సినిమా పాటలు. ఆయన "దహినే ముడ్" అనగానే సగం మంది కుడికీ సగం మంది ఎడమకీ తిరిగి, ఎదురుబొదురుగా నిలబడి నవ్వాపుకోలేకపోయేవాళ్ళం. ఆయన ఆకాశం కేసి చూసేవాడు. కానీ ఫైరింగు రోజున నవ్వు లేదు. నేల మీద బోర్లా పడుకుని, పాయింట్ టూ టూ రైఫిల్ భుజానికి ఆనించి, ఊపిరి బిగబట్టి... గోడ మీద బల్లిని చూస్తే కెవ్వున అరిచే పిల్ల ఒకతి మా జట్టులో ఉండేది. అది అయిదు గుళ్ళూ రూపాయి బిళ్ళంత చోట దింపేసింది. హవల్దారు ఆకాశం కేసి కాకుండా దాని కేసి చూడ్డం అదే మొదటిసారి.

ఆ పిల్ల తర్వాత ఏమైంది అంటావా? పెళ్ళయింది. మాకందరికీ పెళ్ళిళ్ళే అయ్యాయి. 1965 యుద్ధం వచ్చినప్పుడు ఎన్‌సీసీని రెండో వరుస రక్షణ అన్నారు, మేం కూడా ప్రథమ చికిత్స నేర్చుకుని కట్లు కట్టడం సాధన చేశాం. కట్లు కట్టించుకోవడానికి ఎవరూ దొరక్క మా తమ్ముణ్ణి పట్టుకుని తలకి ఒకటి, కాలికి ఒకటి కట్టేదాన్ని. వాడు స్కూలు ఎగ్గొట్టడానికి అవి విప్పేవాడు కాదు. అంత చేశాక నాకు బి సర్టిఫికెట్ వచ్చింది. పెళ్ళిచూపుల్లో అవతలివాళ్ళు "అమ్మాయికి పాట వచ్చా, కుట్టుపని వచ్చా" అని అడుగుతూంటే, రైఫిల్ వచ్చని చెబుతానేమోనని మా మేనత్త నా జబ్బ గిల్లి పట్టుకుంది. ఆ సర్టిఫికెట్ ట్రంకుపెట్టె అడుగున పరుచుకుని, దాని మీద పట్టుచీరలు, వాటి మీద కలరా ఉండలు. గుండిగ అటకెక్కింది.

ఇప్పుడు టెరిటోరియల్ ఆర్మీకి వస్తాను, చూశారా, మర్చిపోలేదు. చిన్నోడా, నీ గది గోడ మీద ధోనీ మిలిటరీ టోపీ పెట్టుకున్న ఫొటో ఉంది కదా. 2011లో ఆయనకి గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదా ఇచ్చింది ఈ టెరిటోరియల్ ఆర్మీయే. సరిగ్గా ఆ ఏడాదే శాంతి తిగ్గా అనే ఆవిడ అదే ఆర్మీలో జవానుగా చేరింది. ఆ పేరు విన్నావా? వినలేదు. ఉత్తర బెంగాల్లో చల్సా అనే చిన్న స్టేషన్‌లో రైల్వే ఉద్యోగి. భర్త పోయాక వచ్చిన ఉద్యోగం. ఇద్దరు పిల్లల తల్లి, వయసు ముప్ఫై అయిదు. మన ఇళ్ళల్లో ఆ వయసుకి మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కడం మానేస్తారు. ఆవిడ రైల్వే ఇంజినీర్ రెజిమెంటుకి పరీక్షకి వెళ్ళి, పరుగులో మగవాళ్ళని వెనకేసింది. శిక్షణ శిబిరంలో తుపాకీ గురిలో అందరికన్నా మెరుగని పేరు తెచ్చుకుంది. పదమూడు లక్షల సైన్యంలో తొలి మహిళా జవాను అని పత్రికలు రాశాయి. పాపం, ఎక్కువ కాలం బతకలేదు, 2013లో పోయింది. అంతకు ముందు అరవై ఏళ్ళలో రానివాళ్ళని, ఆవిడ వచ్చాకైనా వరసగా రానిచ్చారా అంటే అదీ లేదు. చివరికి ఒక లాయరు కోర్టుకెళ్తే, 2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళూ టెరిటోరియల్ ఆర్మీకి అర్హులేనని తీర్పు చెప్పింది. చట్టం 1948 నాటిది. అందులో ఆడవాళ్ళు వద్దని ఎక్కడా లేదు. లేని అడ్డుని డెబ్బై ఏళ్ళు కాపాడుకున్నాం మనం!

అసలు సైన్యం సంగతి గబగబా చెప్పేస్తా. ప్రియా ఝింగన్ అనే సిమ్లా అమ్మాయి సైన్యాధిపతి రోడ్రిగ్స్‌కి నేరుగా ఉత్తరం రాసింది, ఆడపిల్లల్ని ఎందుకు తీసుకోరని. ఆయన జవాబిచ్చాడు. 1992లో తలుపు కొద్దిగా తెరిచారు, మద్రాసులో మొదటి జట్టుకి శిక్షణ ఇచ్చారు. అయితే మొదట్లో అయిదేళ్ళకే. అయిదేళ్ళయ్యాక ఏం చెయ్యాలో తెలుసుగా, బోడి మల్లమ్మ. పొడిగింపుల మీద పొడిగింపులు, కోర్టుల చుట్టూ తిరుగుళ్ళు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో గానీ మగ ఆఫీసర్లలాగే చివరిదాకా ఉండే హక్కు రాలేదు.

ఇక సీఆర్పీఎఫ్. 1986లో ఢిల్లీలో 88వ మహిళా బెటాలియన్ కట్టారు. మొత్తం ఆడవాళ్ళే ఉన్న పారామిలిటరీ బెటాలియన్ ప్రపంచంలో అదే మొదటిదంటారు. కట్టీ కట్టకముందే పని పడింది. మీరట్ అల్లర్లకి పంపారు, శ్రీలంకలో మన శాంతిసేనతో పాటు పంపారు. ఆ బెటాలియన్ కానిస్టేబులే కమలేశ్ కుమారి. 2001 డిసెంబరు 13న పార్లమెంటు గేటు దగ్గర డ్యూటీలో ఉంది. తెల్ల అంబాసిడరు కారొకటి లోపలికొచ్చింది. అందరికన్నా ముందు దాని దగ్గరికి వెళ్ళింది ఆవిడే. కార్లో ఉన్నది ఉగ్రవాదులని గ్రహించి, వెనక్కి పరుగెత్తి గేటు మూయించి, అరిచి తోటివాళ్ళని హెచ్చరించింది. గుళ్ళు తగిలి అక్కడే పడిపోయింది. పదకొండు గుళ్ళు. ఆవిడ చేతిలో ఏముందో తెలుసా? వాకీటాకీ. అప్పట్లో ఆ కాపలాలో ఆడ కానిస్టేబుళ్ళకి తుపాకీ ఇచ్చేవాళ్ళు కాదు. చనిపోయాక అశోక చక్రం ఇచ్చారు. ఇద్దరు కూతుళ్ళు ఆవిడకి. ముందు తుపాకీ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను గానీ, ఇవ్వకపోవడానికి చెప్పుకోదగ్గ కారణం మాత్రం నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

కుంపటి ఆరిపోతోంది, కాస్త విసురు. ఇప్పుడే అసలు ముచ్చట.

శాంతిసేన అంటే ఐక్యరాజ్యసమితి పిలిస్తే నీలం టోపీ పెట్టుకుని వెళ్ళే సైన్యం. మనవాళ్ళు 1960లో కాంగో వెళ్ళినప్పుడే సైనిక వైద్య విభాగం ఆడవాళ్ళు కొందరు వెంట వెళ్ళారు. వైద్యం చేసే చెయ్యి ఎక్కడైనా చెల్లుతుంది, దాన్నెవరూ ఆపరు. లాఠీ పట్టిన చెయ్యి వెళ్ళడానికి మాత్రం ఇంకో నలభై ఏడేళ్ళు పట్టింది.

ఆఫ్రికాలో పడమటి ఒడ్డున లైబీరియా అని చిన్న దేశం. 1989 నుంచి 2003 దాకా, మధ్యలో కొద్దిగా ఊపిరి తీసుకుని, తమలో తాము కొట్టుకున్నారు. దాదాపు రెండున్నర లక్షల మంది పోయారు. చిన్నపిల్లల చేతుల్లో తుపాకులు, ఆడవాళ్ళ మీద చెప్పుకోలేని అఘాయిత్యాలు. చివరికి దాన్ని ఆపమని రోడ్డెక్కింది ఆడవాళ్ళే. లేమా బోవీ అనే ఆవిడ ముందు నడిస్తే, చర్చికి వెళ్ళేవాళ్ళూ మసీదుకి వెళ్ళేవాళ్ళూ కలిసి తెల్లబట్టలు కట్టుకుని రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్టు దగ్గర మైదానంలో రోజుల తరబడి ఎండలో వానలో కూర్చున్నారు. కాకినాడ పిల్లని కదా, చేపల మార్కెట్టు అనగానే నాకు ఆ ఎండా ఆ వాసనా రెండూ తెలుస్తాయి. శాంతి చర్చలు ఘనా దేశంలో జరిగాయి. నాయకులు మంచి హోటళ్ళలో దిగి తీరిగ్గా నాన్చుతూంటే, ఈ ఆడవాళ్ళు వెళ్ళి హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ఒప్పందం కుదిరేదాకా ఎవరూ బయటికి పోవడానికి లేదన్నారు. 2003 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. రెండేళ్ళకి ఎన్నికల్లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ గెలిచింది. ఆఫ్రికా ఖండంలో ఓట్లతో గెలిచి దేశాధ్యక్షురాలైన మొదటి ఆడమనిషి. 2011లో ఈవిడకీ బోవీకీ నోబెల్ శాంతి బహుమతిలో భాగం దక్కింది.

ఆ దేశానికి 2007 జనవరి చివర్లో మన సీఆర్పీఎఫ్ ఆడవాళ్ళు నూరుమందికి పైగా విమానం దిగారు. ఐక్యరాజ్యసమితి చరిత్రలో మొత్తం ఆడవాళ్ళతో కట్టిన పోలీసు దళం అదే మొదటిది. సీమా ఢుండియా దళానికి నాయకురాలు. వెంట కొందరు మగవాళ్ళు కూడా వెళ్ళారు లెండి, వంట చెయ్యడానికీ బండ్లు నడపడానికీ. నవ్వకు అమ్మలూ, వంట చిన్న పనేం కాదు, మీ నాన్నకి నేర్పమని మీ అమ్మకి ఎన్నిసార్లు చెప్పానో. అధ్యక్షురాలి భవనం అంతకు ముందు ఏడాది అగ్నిప్రమాదంలో పాడైతే, ఆవిడ ఆఫీసు విదేశాంగ శాఖ భవనంలో నడిచేది. ఆ గేటు కాపలా మనవాళ్ళది. రాత్రిళ్ళు కరెంటు లేని వీధుల్లో అక్కడి పోలీసులతో కలిసి గస్తీ. అక్కడి పోలీసుల చేతుల్లో తుపాకుల్లేవు, మనవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. చూశారా, అయిదేళ్ళ కిందట పార్లమెంటు గేటు దగ్గర వాకీటాకీతో నిలబెట్టిన బెటాలియన్, దేశం దాటాక రైఫిళ్ళతో నిలబడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీళ్ళకి రచ్చ గెలిచాకే ఇంట్లో మర్యాద పెరిగింది.

చేసిన పనిలో ఎక్కువ భాగం కాపలాయే. దాన్ని పెద్ద వీరగాథ చేసి చెప్పను. రోజూ అదే గేటు, అదే ఎండ, అదే బరువైన చొక్కా. కానీ రోజూ ఆ దారిన పోయే ఆడపిల్లలు చూశారు కదా. తుపాకీ పట్టుకున్నవాణ్ణి చూస్తే పారిపోవడమే అప్పటిదాకా వాళ్ళకి తెలిసింది. తుపాకీ పట్టుకున్నది ఆడమనిషైతే, ఆవిడ దగ్గరికెళ్ళి నోరు విప్పొచ్చని తెలిసింది. మనవాళ్ళు అక్కడి పిల్లలకి ఆత్మరక్షణ నేర్పారు, కంప్యూటర్ నేర్పారు, వైద్య శిబిరాలు పెట్టారు, మన నాట్యం కూడా నేర్పారట. లైబీరియా పోలీసుల్లో చేరతామని దరఖాస్తు పెట్టే అమ్మాయిలు పెరిగారు. ఏడాదికో జట్టు చొప్పున తొమ్మిదేళ్ళు ఉండి, 2016 ఫిబ్రవరిలో ఆఖరి జట్టు తిరిగొచ్చింది. పంపేటప్పుడు సర్లీఫ్ చెప్పిన లెక్క ఏమిటంటే, కొన్నేళ్ళ కిందట ఆ దేశ భద్రతా దళాల్లో నూటికి ఆరుగురే ఆడవాళ్ళు, ఇప్పుడు పదిహేడు మంది. అదంతా మనవాళ్ళ పుణ్యమే అనను, ఎండలో కూర్చుని యుద్ధం ఆపిన ఆడవాళ్ళ దేశం అది. కానీ అధ్యక్షురాలు మనవాళ్ళకి పేరుపెట్టి కృతజ్ఞత చెప్పింది.

నాకు ఇందులో నచ్చింది ఒకటుంది. 1942లో మగవాళ్ళు చాలక ఆడవాళ్ళని పిలిచారు. మా ఎన్‌సీసీ కూడా యుద్ధం భయంతో ఊపందుకున్నదే. లైబీరియాకి మాత్రం మగవాళ్ళు చాలక పంపలేదు. మగ పోలీసులు ఎంతమందైనా దొరుకుతారు. ఆడవాళ్ళే కావాలని అడిగి పిలిపించుకున్న పని అది. పిలుపు ఆ రకంగా వస్తే పని అయ్యాక పొమ్మనడం కష్టం. మొన్న 2023 జనవరిలో సూడాన్ సరిహద్దులో అబ్యేకి ఇద్దరు ఆఫీసర్లూ ఇరవై అయిదుగురు జవాన్లూ, అందరూ ఆడవాళ్ళే ఉన్న ప్లాటూన్‌ని మన సైన్యం పంపింది. దక్షిణ సూడాన్‌లో పని చేసిన మేజర్ సుమన్ గవానీకి 2019 సంవత్సరానికి, కాంగోలో పని చేసిన మేజర్ రాధికా సేన్‌కి 2023 సంవత్సరానికి ఐక్యరాజ్యసమితి అవార్డులిచ్చింది. మీ అమ్మకి ఈ పేర్లు చెప్పు. ఆవిడకి అవార్డులంటే గురి.

అయితే నువ్వు పొద్దున అన్న ఆ "అందరూ" మాట లెక్క చూద్దాం, కాగితం తియ్యి. ఐక్యరాజ్యసమితి శాంతిసేనల్లో యూనిఫాం వేసుకున్నవాళ్ళలో 1993లో నూటికి ఒక్కరు ఆడవాళ్ళు. 2020కి దాదాపు తొంభై అయిదు వేల మంది శాంతి సైనికులుంటే, సైనిక దళాల్లో ఆడవాళ్ళు 4.8 శాతం, పోలీసు దళాల్లో 10.9 శాతం. ఇరవై ఏడేళ్ళలో ఒకటి నుంచి అయిదుకి కూడా పూర్తిగా రాలేదు. 2028 నాటికి సైనిక దళాల్లో 15, పోలీసు దళాల్లో 20 కావాలని వాళ్ళే లక్ష్యం రాసుకున్నారు. ఈ నడకతో అందుకుంటారని నాకు నమ్మకం లేదు. కానీ అమ్మలూ, ఖాళీలు మాత్రం బోలెడున్నాయి, ఫారం ఆఖరి తేదీ ఎప్పుడో ముందు అది చూడు.